భూకంపయంత్రమునకు తోడు అయస్కాంతగృహము

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ప్రాతఃకాలమున ములుగు మండలమున భూమి కంపించినపుడు గోదావరికి ఇరుప్రక్కల నివసించు జనులు గృహములు విడిచి వీథులలోనికి పరుగిడిరి. ఆ కంపముయొక్క పరిమాణము 5.3 అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. హైదరాబాదు మొదలు విజయవాడవఱకు దాని యదురు తెలిసినది. దైవవశమున పెద్ద నష్టమేమియు వాటిల్లలేదు. కాని ఆ యదురుకంటె దాని వెనువెంట బయలుదేరిన వదంతులు ప్రజలను ఎక్కువ కలవరపఱచినవి. 2025 ఏప్రిల్ మాసమున రామగుండము ప్రాంతమున మహాభూకంపము రానున్నదను ప్రవాదము ఇంటింటికి ప్రాకినది. అధికారులు అట్టి జోస్యమునకు ఆధారము లేదని చెప్పవలసివచ్చెను. ఇట్టి జోస్యములు చెప్పువారిలో కొందఱు గ్రహగతులను పేర్కొందురు. మఱికొందఱు భూమియొక్క అయస్కాంతశక్తిలో మార్పులు కనుగొంటిమందురు. మొదటివారిని గుఱించి మేము చెప్పవలసినది లేదు. రెండవవారి మాటలో శాస్త్రముయొక్క వాసన కొంత యున్నది గనుక, అందెంత సత్యమున్నదో, ఎంత లేదో విచారించుట మా విధియని తలంచుచున్నాము.

మా యభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. గోదావరి సాగరసంగమ ప్రాంతమున, యానాము నందలి అగ్రహారమువంటి స్థలమున, భూకంపలేఖినియు, భూమియొక్క అయస్కాంతక్షేత్రమును కొలుచు పరికరములును ఒకే యావరణమున నెలకొల్పవలసి యున్నది. అయితే అది రేపటి భూకంపమును నేడు చెప్పించుకొనుటకు గాదు. అట్టి యాశతో దానిని స్థాపించినచో మూడేండ్లలో తలుపులకు తాళము పడును. దానివలన సిద్ధించు ప్రయోజనములు వేఱుగ నున్నవి. అవి సామాన్యములు గావు.

ఈ రెండు యంత్రములు చేయు పని యేమి? భూకంపలేఖిని యందు ఒక బరువు వ్రేలాడుచుండును. భూమి కదలినపుడు ఆ బరువు తన జడత్వముచేత వెనుకబడును. ఆ రెంటి నడిమి తారతమ్యమే లేఖనమగును. నేటి యంత్రములలో ఈ కదలికను అయస్కాంతమును, తీగచుట్టయు కలిసి విద్యుత్తుగా మార్చును. వెండ్రుక మందములో అత్యల్పభాగమైనను దానికి తెలియును. అయస్కాంతమాపకము పని వేఱు. భూగర్భమున ద్రవరూపమున నున్న లోహము నిరంతరము సంచలించుటవలన పుట్టు అయస్కాంతశక్తిని, దానిపై సూర్యునివలన ఆకాశపు పైపొరలలో కలుగు విద్యుత్ప్రవాహముల ప్రభావమును, క్షణక్షణము అది కొలుచును. హైదరాబాదు ప్రాంతమున ఆ శక్తి సుమారు 43 వేల నానోటెస్లాలు. పగటివేళ అది కొన్ని పదుల నానోటెస్లాలు హెచ్చి తగ్గును. పరికరము కనిపెట్టవలసిన మార్పు ఒక నానోటెస్లాకు లోబడినది. అనగా నలువదివేలలో ఒకటి యన్నమాట. ఇంతటి సూక్ష్మమును కొలువవలసినచోట ఒక మోటారు బండి, ఒక రేకుల పాక, ఒక పంపు మోటారు చేయు అల్లరి ఎంతటిదో పాఠకులే ఊహింపగలరు. అయస్కాంత వేధశాలలో ప్రవేశించు పరిశీలకుడు తాళపుచెవులు, చేతిగడియారము, నడికట్టు తీసి బయట నుంచి లోనికి పోవలెను. ఆ గృహమును ఇనుప మేకులతో కట్టరాదు. ఇత్తడి, రాగి, కొయ్య, పరీక్షించి తెచ్చిన రాయి మాత్రమే వాడుదురు.

ఈ రెండు యంత్రములకు చుట్టఱికము క్రొత్తది గాదు. పూర్వము అయస్కాంతపు సూదిని సన్నని దారమున వ్రేలాడదీసి, దాని కదలికను కాంతిరేఖతో కాగితముపై ముద్రించువారు. భూమి అదరినచో ఆ సూదియు ఊగెడిది. కావున అయస్కాంతమునకై పెట్టిన కాగితముపై భూకంపపు జాడలు పడుచుండెను. అట్లే 1889 ఏప్రిల్ మాసమున జర్మనీదేశమున పోట్స్‌డామునందు సూక్ష్మమైన భూచలనములను కనిపెట్టుటకై ఉంచిన లోలకము, జపానునందు పుట్టిన భూకంపమును గ్రహించెను. దూరదేశపు భూకంపము యంత్రమునకు చిక్కిన ప్రథమసందర్భముగా శాస్త్రజ్ఞులు దానినే చెప్పుకొందురు. ఒక పనికై పెట్టిన పరికరము మఱియొక సత్యమును పట్టియిచ్చుట వేధశాలల చరిత్రలో తఱచుగ కనిపించు విశేషము. ఎదురుచూచిన ఫలము చేకూరకపోయినను, ఎదురుచూడని ఫలము చేకూరవచ్చును. అయితే రెంటికిని లేఖనము ఎడతెగక సాగుట ఒక్కటే నియమము.

మనదేశమున 1897 జూన్ 12వ తేదీ అస్సాము మహాభూకంపము జరిగినపిదప 1898 డిసెంబరులో కలకత్తా అలీపురమున మొదటి భూకంపలేఖిని వెలసెను. ఆ వెంటనే బొంబాయి కొలాబా యందును, కొడైకెనాలునందును అట్టివి స్థాపితములయ్యెను. ఈ రెండును అయస్కాంతపరిశీలనయు చేసిన స్థలములే. కొలాబా యందు 1841 మొదలు ఆ పరిశీలన సాగుచుండెను. 1859 సెప్టెంబరులో సూర్యునినుండి వెడలిన మహోత్పాతము భూమిని తాకినపుడు తూర్పుదేశములలో ఆ యలజడిని పట్టిన లేఖనములలో కొలాబాది యొకటి. అక్కడి సూచి సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినట్లు ఆ కాగితములు చెప్పుచున్నవి. ఒక శతాబ్దము గడచిన పిదప ప్రపంచమునందలి పండితులు ఆ తుపాను పరిమాణమును నిర్ణయించుటకు ఆ కాగితములనే వెదకి తీసిరి. నాడు ఆ అంకెలను వ్రాసిన గుమాస్తాకు తానెవరికై వ్రాయుచున్నాడో తెలియదు.

బొంబాయి నగరమున విద్యుచ్ఛక్తితో ట్రాములు నడుపు సంకల్పము కలిగినపుడు కొలాబా వేధశాలకు గండము వచ్చెను. వేధశాలకు ప్రథమ భారతీయాధిపతియైన మూస్ గారు నగరమును ఎదిరించి లాభములేదని గ్రహించి, సముద్రమున కావలనున్న అలీబాగును ఎంచుకొని, అక్కడ ఇనుములేని గృహమును నిర్మించెను. 1904 మొదలు 1906 వఱకు రెండుచోట్లను ఏకకాలమున పరిశీలించి, పాత లెక్కను క్రొత్త లెక్కతో అతికి, పిదపనే కొలాబా పరిశీలనను మానెను. ఆ రెండేండ్ల శ్రమవలన 1841నుండి నేటివఱకు ఒకే గొలుసు తెగకుండ నిలిచినది. ప్రపంచమున ఇట్టివి మిక్కిలి అరుదు. పరికరములను కొనుట ధనముగలవా రెవరైనను చేయగలరు. గొలుసును తెగనీయకుండుటయే గొప్ప.

మన తెలుగునాట ఈ చరిత్ర మరల జరిగినది. హైదరాబాదు నగరమున నిజామియా వేధశాలలో మిల్న్-షా భూకంపలేఖినులు పూర్వమే పనిచేసినవి. 1961లో ఆ నగరమున జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ వెలసెను; 1964నుండి అందు అయస్కాంత వేధశాల నడచుచున్నది. ఆ యావరణములోనే భూకంపలేఖనమును సాగుచున్నది. అందలి ఒక కేంద్రము 1989 మొదలు పారిస్ నగరపు భూభౌతికసంస్థవారి ప్రపంచవ్యాప్త కేంద్రమాలికలో చేరియున్నది. రెండు శతాబ్దములకు పైగా ఫ్రెంచివారు పాలించి 1954లో విడిచిన యానాము ప్రజలకు ఈ సంగతి కొంత ఆసక్తికరముగ నుండవచ్చును. ఆ సంస్థ స్థాపితమైననాడు అది ఊరిబయట. నేడు ఊరి నడుమ. 2017 నవంబరులో మెట్రోరైలు ఆరంభమైనపుడు ఆ మార్గమున ఒక స్టేషనునకు ఆ సంస్థ పేరే పెట్టిరి! నగరము చేయు గౌరవము ఒక్కొక్కప్పుడు ఇట్లుండును. అయితే సంస్థవారు నిద్రపోలేదు. విజయవాడ మార్గమున చౌటుప్పలునందు, నగరపు అలజడికి దూరముగ, రెండవ అయస్కాంత వేధశాలను ముందుగనే నెలకొల్పిరి. మూస్ గారి బుద్ధి మన హైదరాబాదువారికిని కలిగినందుకు మేము సంతసించుచున్నాము. విశాఖపట్టణమునందును అయస్కాంత పరిశీలనాకేంద్రము కలదు.

ఇక జోస్యపు సంగతి. శిలలపై ఒత్తిడి హెచ్చినపుడు వాని అయస్కాంతగుణము కొంత మాఱును. ఇది ప్రయోగశాలలో రుజువైన విషయము. పగుళ్లలో నీరు కదలుటవలన విద్యుత్తు పుట్టుటయు సత్యమే. అగ్నిపర్వతముల యందు ఇట్టి మార్పులను కొలిచియున్నారు. కావున మహాభూకంపమునకు ముందు ఏదో ఒక సూచన అయస్కాంతమాపకమునకు తోపవలెనని పండితులు ఆశించుట అసంగతము గాదు. 1989 అక్టోబరు 17వ తేదీ కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపము జరిగినపుడు, కేంద్రమునకు 7 కిలోమీటర్ల దూరమున నున్న ఒక పరికరము కంపమునకు పండ్రెండు దినముల ముందునుండియు, ముఖ్యముగ మూడు గంటల ముందు, విపరీతమైన అలజడిని చూపినదని స్టాన్‌ఫర్డు విద్యాలయమువారు ప్రకటించిరి. లోకమంతయు ఆశ్చర్యపడెను. అప్పటినుండి ఇరువదియేండ్లు ఆ యొక్క లేఖనమే జోస్యవాదులకు వేదమయ్యెను. 2009లో ఇతర శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను తిరుగవేసి, కొందఱు అది పరికరపు లోపమనియు, కొందఱు సూర్యునివలన సహజముగ కలుగు అలజడి యనియు వాదించిరి. అంతకుముందే 2004 సెప్టెంబరు 28వ తేదీ, పరికరములతో నిండియున్న పార్క్‌ఫీల్డునందు 6.0 పరిమాణముగల భూకంపము వచ్చినది. చుట్టును అయస్కాంతమాపకములు కాచియుండగనే వచ్చినది. ముందుగ ఏ సూచనయు వానికి తోపలేదు. కంపసమయమున మాత్రము అత్యల్పమైన మార్పు కనిపించెను.

ఈ రెండు కథలనుండి మేము గ్రహించినది యిది. లోమా ప్రియేటాలో ఒక్క పరికరము ఒంటరిగ నుండెను. ప్రక్కన దానికి సాక్షి లేదు. సాక్షి లేనిచోట యంత్రపు దగ్గు సైతము భూదేవి మాటగ వినిపించును. అయస్కాంతమాపకము ప్రక్కన భూకంపలేఖిని యున్నయెడల, సూచి కదలినది నేల ఊగుటవలననా, ఆకాశపు అలజడివలననా, వీథిలో లారీ పోవుటవలననా యని విడదీయవచ్చును. నేల ఊగినచో రెండును చెప్పును. సూర్యుని అలజడియైనచో అయస్కాంతము మాత్రము చెప్పును, అదే క్షణమున చౌటుప్పలునందును, విశాఖపట్టణమునందును, అలీబాగునందును చెప్పును. స్థానికమైన అల్లరియైనచో దూరపు కేంద్రములకు తెలియదు. ఇట్లు తోడుగ నుంచుట జోస్యమును పుట్టించుటకుగాక తప్పుడు జోస్యమును త్రుంచుటకు ముఖ్యసాధనము. గఢ్వాల్ హిమాలయములలో ఘుట్టు అను గ్రామమున వాడియా సంస్థవారు 2007 మొదలు భూకంపలేఖిని, అయస్కాంతమాపకము, గురుత్వమాపకము, నేలనుండి వెడలు రాడన్ వాయువును కొలుచు సాధనము మున్నగువానిని ఒకేచోట నుంచి కనిపెట్టుచున్నారు. వారు లోకమును జోస్యములతో భయపెట్టక, తమ లెక్కలు తాము వ్రాసికొనుచు పోవుట మాకు మిక్కిలి నచ్చినది.

అట్లయిన హిమాలయమున నుండవలసిన యంత్రములకు గోదావరి లంకలలో పనియేమి యని పాఠకులడుగవచ్చును. గోదావరి లోయ సామాన్యమైన లోయ గాదు. ప్రాచీనకాలమున భూమి చీలి దిగబడుటవలన ఏర్పడిన పల్లమునందే ఆ నది చిరదూరము ప్రవహించుచున్నది. 1969 ఏప్రిల్ 13వ తేదీ భద్రాచలప్రాంతమున కలిగిన కంపము, ఇటీవలి ములుగు కంపము ఆ లోయకు చెందినవే. ఆ పల్లము సముద్రతీరమున కృష్ణా గోదావరి డెల్టాల క్రింద మందమైన ఒండ్రుపొరలలో కలిసిపోవుచున్నది. మెత్తని ఒండ్రునేల అదరును పెంచును. గట్టిరాతిపై స్వల్పముగ తోచిన ఊపు అక్కడ అధికమగును. ఎంత అధికమగునో తెలిసికొనుటకు ఆ నేలమీదనే యంత్రము నుంచి కొలుచుట కంటె వేఱుమార్గము లేదు. 2014 మే 21వ తేదీ రాత్రి బంగాళాఖాతపు నడుమ 6.0 పరిమాణముగల భూకంపము జనించి తూర్పుతీరమున పలు పట్టణములను కదలించెను. సముద్రగర్భము ఊరక యున్నదని మనము భ్రమపడరాదు.

2004 డిసెంబరు 26వ తేదీని మన తీరపు బెస్తవారు మఱవలేదు. సుమత్రా యొద్ద ఉదయము 6 గంటల 29 నిమిషములకు భూమి బద్దలైనది. ఆ యల మన తీరమునకు వచ్చుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఆ రెండు గంటలలో తీరమునకు ఒక్క మాట చేరలేదు. ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 2007 అక్టోబరులో హైదరాబాదునందు సునామీ హెచ్చరికకేంద్రము వెలసినపిదప ఆ లోపము తీఱినది. ఇందు అయస్కాంతమాపకమునకు ఒక చిన్న పాత్ర గలదని యిటీవల తెలిసినది. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేయును. అట్టి నీరు భూమియొక్క అయస్కాంతక్షేత్రమున పెద్దయెత్తున కదలినపుడు తానును స్వల్పమైన అయస్కాంతశక్తిని పుట్టించును. 2010 ఫిబ్రవరి 27వ తేదీ చిలీదేశపు భూకంపమువలన లేచిన సునామీ ఈస్టరు ద్వీపమును దాటినపుడు అక్కడి అయస్కాంతమాపకము సుమారు ఒక నానోటెస్లా మార్పును గ్రహించెను. మాట చిన్నదే. లోతైన సముద్రపు నడుమ నున్న ద్వీపమునకును, మన లోతులేని తీరమునకును భేదమున్నది. అక్కడ కనిపించినది ఇక్కడ కనిపించునని మేము వాగ్దానము చేయము. కాని కొలువనిదే కాదనుటకును వీలులేదు గదా.

ఆ బెస్తవారికే మఱియొక ప్రయోజనము. నాడు కోరంగి, యానాముల నుండి ఓడలు నడపినవారు దిక్సూచిని నమ్మి పోయిరి. నేటి పడవలు ఉపగ్రహముల సంకేతములను నమ్మి పోవుచున్నవి. సూర్యునివలన అయస్కాంతపు తుపాను రేగినపుడు ఆ సంకేతములు చెదరును. 2024 మే 10, 11 తేదీలలో అట్టి తుపాను రేగి, లడఖ్ దేశపు ఆకాశము ఎఱ్ఱబాఱుట అందఱును విన్నదే. 1989 మార్చిలో అట్టిదే కెనడాదేశపు క్విబెక్ రాష్ట్రమున విద్యుత్తును తొమ్మిది గంటలు నిలిపివేసెను. అయస్కాంత వేధశాల ఇట్టి తుపానులకు వాన కొలుచు గిన్నెవంటిది.

ఇక స్థలవిచారము. అగ్రహారమునే మేమేల పేర్కొంటిమి? యానాము పట్టణము పెరుగుచున్నది. దాని చుట్టుప్రక్కల యంత్రశాలలు వెలయుచున్నవి. దాని గ్రామములలో ఇంకను కొంత యూరట మిగిలియున్నది. అందొకటి అగ్రహారము. సముద్రము చేరువ, మహానది అంతకంటె చేరువ. ఒండ్రునేలలో శిలల యలజడి తక్కువగుటచేత అడుగడుగునకు అయస్కాంతశక్తి మాఱదు. భూకంపలేఖినికి మాత్రము ఒండ్రు అంత యనుకూలము గాదని ఒప్పుకొనవలెను. అలల హోరు, గాలికి చెట్లూగుట, రహదారిపై బండ్లు, అన్నియు దాని కాగితముపై పడును. దానికి లోతైన బావి త్రవ్వి దింపుటయో, తక్కువ ఊపులను వదలి గట్టి ఊపులను మాత్రమే పట్టు యంత్రమును ఎన్నుకొనుటయో తగిన మార్గము. అదిగాక భూకంపలేఖినిలోనే అయస్కాంతమున్నది గనుక రెంటిని ఒకే గదిలో నుంచుటకు వీలుపడదు. కొన్ని పదుల గజములు ఎడమైనను ఉండవలెను. ఆ యెడము చాలునో చాలదో, లేఖినిని ఇటునటు జరిపి అయస్కాంతమాపకముతోనే పరీక్షింపవలెను.

వరదలమాట కూడ మఱవరాదు. 2022 జూలైలో గోదావరి పొంగి యానామును ముంచినది. కావున మెఱకమీద, ఎత్తైన అరుగుపై ఇనుములేని కట్టడము కావలెను. నేడు ఇనుపచువ్వలు లేక ఇల్లు కట్టు మేస్త్రీ దొరకుటయే కష్టము! పూర్వపు సున్నము, ఇటుక, టేకు తెలిసిన వృద్ధులను అడుగవలసి యుండును. ఇటుకయు కాల్చినపుడు అయస్కాంతగుణమును పొందును. ప్రతి గంపను పరీక్షింపవలెను. వీనికంటె పెద్ద యిబ్బంది మఱొకటి కలదు. గోదావరి జిల్లాలలో వాయువు గొట్టములు నేలలో పోవుచున్నవి; తుప్పు పట్టకుండుటకై వానికి విద్యుత్తు నెక్కించుట వాడుక. ఆ విద్యుత్తు అయస్కాంతమాపకమునకు పరమశత్రువు. గొట్టములు ఎచట పోవుచున్నవో చూపు పటమును ఆ సంస్థలు శాస్త్రజ్ఞులకు ఈయవలెను.

ఎవరు పెట్టవలెను? యానాము పుదుచ్చేరి ప్రభుత్వమునకు చెందినది. చుట్టునున్న నేల ఆంధ్రప్రదేశమునది. ఇందుచేత ఏ పని యైనను నీదనిన నీదనుకొని నిలిచిపోవుట మన మెఱిగినదే. అయితే భూకంపలేఖనము కేంద్రప్రభుత్వపు పని. 2014లో ప్రత్యేకముగ వెలసిన జాతీయ భూకంపకేంద్రము క్రింద నూటయేబదికి మించిన కేంద్రములు దేశమంతట పనిచేయుచున్నవి. అయస్కాంతశాస్త్రమున హైదరాబాదు సంస్థయు, ముంబయి నుండి నడచు భారతీయ భూఅయస్కాంత సంస్థయు నిపుణతగలవి. పుదుచ్చేరివారు స్థలమును, ఆంధ్రులు సమీపపు విద్యాలయముల సాయమును, కేంద్రమువారు యంత్రములను ఇచ్చినచో ఎవరికిని భారము గాదు. మనవారికి ఈ విద్య క్రొత్తదియు గాదు. 1840 ప్రాంతమున విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు గారు తమ సొంత ధనముతో వేధశాల నెలకొల్పిరి; వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావు గారు దానిని సాగించిరి. ఒక జమీందారు చేయగలిగిన పనిని మూడు ప్రభుత్వములు చేయజాలవని మేము నమ్మజాలము.

మనుష్యులు లేక యీ గృహము నడువదు. యంత్రము తనంతట తాను వ్రాయుననుట సత్యమే. కాని దాని మొదలు కొలత కాలక్రమమున జరుగుచుండును. వారమున కొకటి రెండు మాఱులు ఒకరు వచ్చి, ఇనుములేని కోణమాపకముతో దిక్కును, వాలును చేతితో కొలిచి, యంత్రపు లెక్కను సరిచేయవలెను. ఈ పని వానకాలమందును, పండుగనాడును మానరాదు. యానాము విద్యార్థులలో ఇద్దఱు ముగ్గురికి హైదరాబాదున శిక్షణ యిప్పించి, తగిన జీతమిచ్చి నియమించినచో, దూరపు ఉద్యోగిని బదిలీపై తెచ్చి రెండేండ్లకు పోగొట్టుకొను దుఃఖము తప్పును.

ఇప్పుడే భవనమునకు శంకుస్థాపన చేయుమని మేము కోరము. మొదట ఒక సంవత్సరకాలము చిన్న పరికరములను రెండింటిని అగ్రహారమునందును, దాని సమీపమున మఱి రెండు మూడు చోట్లను ఉంచి, రాత్రింబగళ్లు ఎంత అలజడి యున్నదో కొలువవలెను. అందు అగ్రహారము పనికిరాదని తేలినయెడల వేఱు గ్రామమును వెదకవచ్చును. మాకు ఆ గ్రామమునందు పట్టుదల లేదు. పనికివచ్చునని తేలినచో ఆ స్థలము చుట్టు కొన్ని వందల గజముల మేర క్రొత్త మార్గములు, విద్యుత్తీగలు, గొట్టములు రాకుండ ముందే ఉత్తరువు వెలువరించి, పిదప కట్టడము ఆరంభింపవలెను. వచ్చిన లెక్కలను ప్రతిదినము ప్రజలకు తెలియునట్లు ప్రకటించవలెను. మఱియొక వదంతి బయలుదేరిననాడు యానాము బెస్తవాడును, బడిపంతులును ఆ లెక్కను తామే చూచి, నిన్నటి గీతకును నేటి గీతకును భేదమున్నదో లేదో తెలిసికొనగలుగుదురు.